అల్మారాలో మోగిన ఫోను

చిత్తూరులోని మా మక్తబులో గోడకు అమర్చిన ఒక చెక్క అల్మారా ఉంది. ఖాయిదాలు, పారాలు, హాజరు పట్టీ, సుద్దముక్కల పెట్టె అందులో ఉంటాయి. 2022 చలికాలంలో ఒక గురువారం, అసర్ నమాజు తర్వాత జరిగే పాఠం మధ్యలో, మరో వస్తువును కూడా అందులో పెట్టి తాళం వేశాము. అది మూడవ తరగతి చదివే ఒక బాలిక ఒడిలో, దుపట్టా కింద దొరికిన మొబైల్ ఫోను.

మక్తబులోకి ఫోను తేకూడదన్నది మేము పెట్టిన నియమమే. ఆ పాప ఏదో చెప్పబోయింది. ఆమెకు నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట చిక్కుకుపోయింది. మేము ఆగి వినలేదు. "మీ అమ్మీని పంపించు, ఆమెకే ఇస్తాము" అని చెప్పి, పక్క పిల్లవాడి పాఠం వినడం మొదలుపెట్టాము.

మరునాడు శుక్రవారం, మక్తబుకు సెలవు. జుమాకు ముందు మసీదు ఊడ్చిన మనిషి, అల్మారాలో ఏదో మోగుతోందని చెప్పాడు. నమాజు హడావుడిలో ఉన్న మేము పట్టించుకోలేదు. సాయంత్రానికి మోత ఆగిపోయింది. ఛార్జి అయిపోయి ఉంటుంది.

శనివారం ఫజ్ర్ తర్వాత ఆ పాప తల్లి మసీదు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఇంటాయన కువైట్‌లో డ్రైవరు. వారంలో ఆయనకు తీరిక దొరికేది శుక్రవారమే. ఆ రోజు భార్యకు ఎన్నిసార్లు ఫోను చేసినా సమాధానం లేదు. చివరికి ఫోను స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఇంట్లో ఏం ముంచుకొచ్చిందోనని భయపడి, రాత్రి పక్కింటివారికి ఫోను చేశాడు. ఆమె ఇల్లంతా వెతికింది. పాప భయంతో నోరు విప్పలేదు. తెల్లవారుజామున ఏడుస్తూ చెప్పింది.

ఆ తల్లి మాపై కోపగించుకోలేదు. "తప్పు మాదే హజరత్, చెప్పకుండా తీసుకొచ్చింది. కానీ ఆటల కోసం మాత్రం తేలేదు, ఒక్కసారి వినండి" అన్నది. మసీదు ఆఫీసు గదిలో ఫోనుకు ఛార్జి పెట్టి, అందులోని రికార్డింగులు వినిపించింది.

మొదట వినిపించింది మా గొంతే. అల్హమ్దు సూరాను మేము పిల్లలకు పలికి చూపిస్తున్న పాఠం, నాలుగుసార్లు. ఆ తర్వాత పాప గొంతు, పదకొండుసార్లు. మొదటి వాటిలో రెండో మాట దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఏడో దానిలో సగం దాటింది. పదకొండవది తొలి ఆయతు నుంచి చివరి వరకు, మెల్లగా, ఒక్క తడబాటు లేకుండా సాగింది. ఆ శుక్రవారం తన అబ్బాకు వినిపించాలని దాచుకున్నది అదే. ఇంకొక్కసారి మా పలుకు వింటే ఇంకా బాగా వస్తుందని గురువారం ఫోను తెచ్చుకుంది.

ఆ పాప పేరు ఎదుట మా హాజరు పట్టీలో ఏడు వారాలుగా ఒకే మాట ఉంది: 'పాఠం రాలేదు.' ఆ మాట రాసింది మా చేతులే.

ఖుర్‌ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ పారాయణం చేసేవారికి రెండింతల పుణ్యఫలం ఉందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) శుభవార్త వినిపించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసును మేము ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నాము. ఫిరౌన్ దర్బారుకు వెళ్ళే ముందు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన నాలుక ముడి విప్పమని ప్రభువును వేడుకున్న వృత్తాంతాన్ని ఎన్ని జుమా ప్రసంగాల్లో చెప్పామో లెక్కలేదు. అయినా మా ఎదుటే చాప మీద కూర్చున్న పసిపిల్ల నాలుక ముడిని గుర్తించలేకపోయాము. ఆ తల్లిని క్షమాపణ కోరాము. మరునాడు పిల్లలందరి ముందు ఆ పాపను కూడా కోరాము. గురువు క్షమాపణ అడగడం చూసి పిల్లలు బిత్తరపోయారు.

ఈ సంఘటన తర్వాత, చిన్నపిల్లల చదువులో ఈ యంత్రాల స్థానం ఏమిటన్న ప్రశ్న మమ్మల్ని వదలలేదు. మాకు కలిగిన ఆలోచనలను, మేము చేసిన చిన్న ప్రయత్నాలను, అందులో పడిన దెబ్బలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

పిల్లల చదువులోకి కొత్త పరికరం రావడం నిన్న మొన్నటి విషయం కాదు. తొలి దైవవాణిలోనే చదువు ప్రస్తావన, కలం ప్రస్తావన ఉన్నాయి. మా బాల్యంలో తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి, ఎండబెట్టి, వెదురు కలంతో అక్షరాలు దిద్దేవాళ్ళం. తర్వాత పలక, బలపం వచ్చాయి. నమాజులో లౌడ్‌స్పీకరు వాడవచ్చునా అని మన ఉపఖండపు ఉలమాలు ఒకనాడు సుదీర్ఘంగా చర్చించారు. నేడు లౌడ్‌స్పీకరు లేని మసీదు అరుదు. ఈజిప్టుకు చెందిన ప్రసిద్ధ ఖారీ షేఖ్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గళంలో మొత్తం ఖుర్‌ఆన్ పారాయణం రికార్డు రూపంలో 1961లో వెలువడింది. సంపూర్ణ పారాయణాన్ని అలా రికార్డు చేసినవారిలో ఆయనే ప్రథములు. తర్వాత, పిల్లలు తిరిగి పలికేందుకు మధ్యలో వ్యవధి విడిచిన పాఠాలు కూడా వచ్చాయి. ఆ వ్యవధి గురించి మేము చాలా ఆలోచించాము. ఖారీ ఆగుతారు. పిల్లవాడు పలుకుతాడు. ఆ కాస్త నిశ్శబ్దం లేకపోతే అది వినికిడి మాత్రమే, చదువు కాదు.

మన సంప్రదాయంలో ఖుర్‌ఆన్ విద్య నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి నడిచింది. ప్రతి రమజానులో జిబ్రీల్ (అలైహిస్సలాం)తో కలిసి ప్రవక్త (సఅసం) పారాయణాన్ని సరిచూసుకునేవారనీ, చివరి సంవత్సరం రెండుసార్లు సరిచూసుకున్నారనీ హదీసులు తెలుపుతున్నాయి. వినడంతో పాటు వినిపించడం కూడా ఈ విద్యలో సగభాగం.

ఆ సగభాగమే మన తెరల చదువులో తరచు లోపిస్తోంది. 1975 ఆగస్టు 1 నుంచి ఒక సంవత్సరం పాటు మన దేశంలో ఉపగ్రహం ద్వారా టీవీ ప్రసారాల ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీలు చేరాయి. ఆ రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం వేళ బడిపిల్లల కోసం కార్యక్రమాలు వచ్చేవి. కరెంటు సరిగా లేని పల్లెకు ప్రపంచాన్ని చూపించిన గొప్ప ప్రయత్నమది. అయితే పిల్లవాడు తిరిగి జవాబు చెప్పడానికి దారి లేదు. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పాఠాలు ప్రసారమయ్యాయి. ఇంట్లో టీవీ ఉన్న పిల్లలకు అవి ఆసరా అయ్యాయి. కానీ మా వీధి పిల్లలు టీవీ ముందు కూర్చుని ఏం చేస్తున్నారో చూసినప్పుడు మాకు అర్థమైంది. వారు వింటున్నారు. వారిని వినేవారు లేరు.

ఇటీవల మన రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలకు తాకే తెరలు, స్మార్ట్ టీవీలు వచ్చాయి. పాఠ్యపుస్తకాల మీద క్యూఆర్ కోడ్ ముద్రిస్తున్నారు. ఫోను అక్కడ పెడితే 2017లో ప్రారంభమైన 'దీక్ష' వేదికలోని పాఠం తెరుచుకుంటుంది. మా మక్తబు పిల్లలు చదివే ప్రాథమిక పాఠశాలలో ఒక యువ ఉపాధ్యాయిని టీవీతో పాఠం చెబుతున్నారని విని, అనుమతి తీసుకుని, ఒక ఉదయం వెనుక బెంచీ మీద కూర్చుని చూశాము. ఆమె చేసిన మొదటి పని టీవీ శబ్దం పూర్తిగా తగ్గించడం. తెర మీద రైతు, ఎద్దులు, వాన కనిపిస్తున్నాయి. "మాటలు మీరే చెప్పండి" అన్నారు. ఒక పిల్లవాడు ఎద్దు తరఫున మాట్లాడాడు. మరొకతె మేఘం తరఫున గర్జించింది. కొందరు తెలుగులో చెప్పారు, తెలుగు రాని ఇద్దరు దక్కనీలో చెప్పారు. ఆ దక్కనీ మాటలను తోటిపిల్లలే తెలుగు చేశారు. బొమ్మను మధ్యలో ఆపి, "తర్వాత ఏమవుతుందో పలక మీద గీయండి" అన్నారు. గీసిన తర్వాతే మిగతాది చూపించారు. పావుగంట వీడియోకు గంట పట్టింది. ఆ గంటలో ఎక్కువసేపు వినిపించినది పిల్లల గొంతులే.

టీవీ అదే, వీడియో అదే. ఆ ఉపాధ్యాయిని ఆలోచన దానికి జత కలిసింది.

ఇంటికి వస్తూ, మన ప్రాంతంలోనే ఎంతో కాలంగా నడుస్తున్న రెండు ప్రయత్నాలు గుర్తొచ్చాయి. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో గ్రామీణ ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం ఒక పద్ధతిని రూపొందించారు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, గోడ మీద నిచ్చెనలాంటి పట్టిక పెట్టారు. ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే చూసుకుని, తన కార్డు తానే తీసుకుంటాడు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు దానిని చూసి వెళ్ళి మొదలుపెట్టినదే కర్ణాటకలోని 'నలి-కలి'. అక్కడ యంత్రమంటూ ఏమీ లేదు, అట్టముక్కలు తప్ప. రెండవది కుప్పం ప్రాంతంలో విశాలమైన ప్రాంగణం ఉన్న అగస్త్య సంస్థ. విజ్ఞాన ప్రయోగాల సామగ్రిని వ్యానుల్లో పల్లె బడులకు తీసుకువెళ్ళి, పిల్లల చేతులతోనే ప్రయోగాలు చేయిస్తారు. ఈ రెండింటిలోనూ వస్తువు పిల్లవాడి చేతిలోకి వస్తుంది, అతని చేత ఒక పని చేయిస్తుంది. తెర విషయంలోనూ అడగవలసిన ప్రశ్న ఇదేనని మాకు తోచింది: ఇది పిల్లవాడి చేత ఏం చేయిస్తోంది?

ఆ తర్వాత మా మక్తబులో రెండు పనులు మొదలుపెట్టాము. మొదటిది, ఆ పాప మాకు నేర్పినదే. ఇరవై ఇద్దరు పిల్లలకు ఒకటే ఫోను, అదీ మాదే. వారానికి ఒకసారి ప్రతి పిల్లవాడూ పక్క గదిలోకి వెళ్ళి తన పాఠాన్ని తానే రికార్డు చేసి, తానే వింటాడు. నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ పలుకుతాడు. నచ్చినదే మాకు వినిపిస్తాడు. మన దక్కనీ ఇళ్ళలో ఖాఫ్ అక్షరం ఖేలాగా మారిపోతుంది. ఖలం అన్నా, ఖబర్ అన్నా ఒకే శబ్దం. "గొంతు లోపలి నుంచి పలుకు" అని ఏళ్ళ తరబడి చెప్పినా పిల్లలకు ఆ తేడా అందేది కాదు. తాము సరిగానే పలుకుతున్నామని అనుకునేవారు. తమ గొంతు తామే విన్న రోజున ఒక పిల్లవాడు ఆశ్చర్యంగా బయటికి వచ్చి, "హజరత్, నేను రెండూ ఒకేలా అంటున్నా!" అన్నాడు. ఆ వాక్యం కోసం మేము మూడు దశాబ్దాలు ఎదురుచూశాము.

రెండవది చంద్రుని పని. 2023 జులై 14, జుమా రోజు. మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 బయలుదేరింది. మరునాడు పిల్లలు దాని గురించే మాట్లాడుకున్నారు. నెలవంక చూసి మాసం మొదలుపెట్టే సమాజం మనది. అయినా రమజాను, షవ్వాల్ చంద్రులను తప్ప మిగతా చంద్రుడిని మన పిల్లలు చూస్తున్నారా అన్న సందేహం కలిగింది. ముహర్రం మాసం మొదలైనప్పటి నుంచి ప్రతి మగ్రిబ్ తర్వాత, మసీదు మిద్దె మీద ఒకే చోట నిలబడి, వంతుల వారీగా ఒక పిల్లవాడు చంద్రుడి ఫోటో తీయాలి. ఫోటోలో చుక్కలా కనిపించేదాన్ని చూసి మిగిలినవారు పుస్తకంలో ఆకారం గీయాలి, తేదీ రాయాలి. మబ్బు పట్టిన రోజున 'మబ్బు' అని రాయాలి.

పద్నాలుగు, పదిహేను రోజులు గడిచాక మగ్రిబ్ వేళ చంద్రుడు కనిపించడం మానేశాడు. ఆకాశం మాత్రం తేటగా ఉంది. పిల్లలు కంగారుపడ్డారు. మేము జవాబు చెప్పలేదు. ఒక ఆడపిల్ల ఇషా తర్వాత దాదీతో మేడ ఎక్కి చూసి, మరునాడు, "పోలేదు హజరత్, ఆలస్యంగా వస్తున్నాడు" అని ప్రకటించింది. రోజురోజుకు ఎంత ఆలస్యమవుతోందో రాసుకోవడం అప్పుడు మొదలైంది. ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్ ల్యాండర్ చంద్రుని మీద దిగడాన్ని అందరూ మా ఫోనులోనే చూశారు. మగ్రిబ్ తర్వాత మిద్దె ఎక్కితే, మబ్బుల సందులో ఇంచుమించు సగం చంద్రుడు కనిపించాడు. తమ పుస్తకంలో గీసుకున్న చంద్రుని మీదనే మనవాళ్ళ యంత్రం ఒకటి నిలబడి ఉందని ఆ పిల్లలకు తెలుసు. ఆ సాయంత్రం అల్లరి చేసినవారు లేరు.

అంతా సవ్యంగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. ఒకసారి ఒక పిల్లవాడి తప్పుల రికార్డింగును మిగతావారు విని నవ్వారు. రెండు వారాలు అతడు మక్తబుకు రాలేదు. ఇంటికి వెళ్ళి బ్రతిమాలి తీసుకొచ్చాము. నాటి నుంచి ఎవరి గొంతు వారికీ ఉస్తాదుకూ తప్ప మరెవరికీ వినిపించదు, వారం చివర చెరిపేస్తాము. మరోసారి, మంచి ఉద్దేశంతోనే, పిల్లల ఫోటోలను వాట్సాప్ గ్రూపులో పెట్టాము. అవి మాకు తెలియని గ్రూపుల దాకా వెళ్ళాయని ఒక తండ్రి వచ్చి బాధపడ్డారు. ఆయన బాధ న్యాయమైనది. పిల్లల ముఖం, గొంతు మన దగ్గర అమానతు. అమానతును కాపాడలేనివాడికి పరికరం ఇవ్వకూడదు, ఆ మాటకు మేమూ మినహాయింపు కాదు. కొందరు పిల్లలకు ఫోను మీద ఉన్న ఇష్టం పాఠం మీద లేదన్నది కూడా మేము చూసిన నిజం. అందుకే ఆ పని వారానికి ఒకసారికి మించదు. మిగతా రోజుల్లో రిహల్, ఖాయిదా, ఎదురుగా ఉస్తాదు.

ఇళ్ళలో ఫోను నిషేధించాలా, ఇవ్వాలా అని మమ్మల్ని అడిగే తల్లిదండ్రులకు చెప్పేది ఇది. పిల్లవాడు ఏడవకుండా ఉండటానికి ఫోను ఇస్తే, అది అతని నోరు మూయించడానికి ఇచ్చినట్లే. బదులుగా, "నీ పాఠం పలికి అబ్బాకు పంపు" అనండి. "దాదీ చిన్నప్పుడు పండుగ ఎలా చేసుకునేవారో అడిగి రికార్డు చెయ్యి" అనండి. బిర్యానీ ఎలా వండుతారో అమ్మీ చెబుతుంటే, అంచెలంచెలుగా ఫోటోలు తీసి, ఒక్కొక్కదాని కింద తెలుగులో ఒక వాక్యం రాయమనండి. పని పూర్తయ్యాక ఫోను వెనక్కి తీసుకోండి. ఆ పని జరిగినంతసేపూ పక్కన కూర్చోండి. ఫోను లేని ఇంటి పిల్లవాడికి పలక, బలపం, వినే మనిషి ఉంటే చాలు. ఈ మూడింటిలో నేడు మన ఇళ్ళలో కరువైనది మూడవదే.

ఆ పాప ఇప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుతోంది. నత్తి పూర్తిగా పోలేదు. కొత్తవారి ముందు ఇప్పటికీ మాట ఆగుతుంది. అయితే మొన్న రమజానులో తన తమ్ముడిని మా మక్తబులో చేర్చడానికి తల్లితో పాటు వచ్చి, వాడి తరఫున తానే మాట్లాడింది. "హజరత్, వీడు... వీడు తొందరగా చదువుతాడు, తప్పులు చేస్తాడు. నేను ఇంట్లో వింటాను" అన్నది. ఆ వాక్యానికి చాలాసేపు పట్టింది. మేము చివరి వరకు ఆగి విన్నాము.

మన పిల్లల నాలుకల ముడులు విప్పే ఓర్పును, వారి గొంతు వినే తీరికను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.